చెరుకు గడ మీద రాజులు

మా ముత్తాత నర్సింగరావు దేశ్‌ముఖ్. మా తాత లక్ష్మణరావు దేశ్‌ముఖ్. మా నాన్న మాధవరావు పేరు చివర కూడా ఆ మాట ఉండేది కానీ, ఆయన కాలానికి దాని వెనుక ఊళ్లు లేవు. బోధన్‌కూ రుద్రూర్‌కూ నడుమ పద్దెనిమిది ఊళ్ల శిస్తు ఒకప్పుడు మా కోటలాంటి గడి అరుగు మీద జమయ్యేది. నిజామాబాద్‌లో జిల్లా ఏలే తాలూక్‌దారు కచ్చేరికి మా తాత వెళితే ఆయనకు కుర్చీ వేసేవారు. మిగిలినవారు ఎంత కలిగినవారైనా నిలబడే మాట్లాడాలి. తాత బగ్గీలో బోధన్ పోతుంటే ముందు ఒక మనిషి పరుగెత్తుతూ దారి ఖాళీ చేయించేవాడు. ఆ బగ్గీ ఎవరి కోసమూ ఆగి ఎరుగదు. ఇవి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. చెప్పకపోతే తరువాత చెప్పబోయేది అర్థం కాదు.

పోయిన నెల బోధన్‌లో మెథడిస్టు సమాధుల తోటలో ఒక ముసలాయనను పూడ్చారు. పాట పాడి, ప్రార్థన చేశాక, వచ్చినవాళ్లంతా గుప్పెడు మట్టి వేయడానికి వరుసగా నిలబడ్డారు. నన్ను చూసి ఎవరో జరిగి చోటిచ్చారు.

"దొరా, మీరు ముందుకు రాండ్రి."

నేను పోలేదు. ఆలస్యంగా వచ్చాను, చివర నిలబడ్డాను. నా ముందు నలభై మంది దాకా ఉన్నారు. నిలబడడం నాకు నేర్పింది ఆ పెట్టెలో ఉన్న మనిషే.

ఆయన చక్కెర ఫ్యాక్టరీ బయట చెరుకు బండ్లను వరుసలో పెట్టేవాడు. ఉద్యోగం పేరు ఏమిటో నాకు తెలియదు. బండివాళ్లు 'లైన్ తాత' అనేవారు. నిలువెత్తు మనిషి. ఎండాకాలంలో కూడా ఖాకీ అంగీకి మెడ దాకా గుండీలు పెట్టుకునేవాడు. చెవి మీద సుద్దముక్క ఉండేది. బండి రాగానే నొగ మీద నంబరు రాసేవాడు. ఆ నంబరు వర్షానికి చెరిగినా ఆయన మనసులో చెరిగేది కాదు. మిషన్ బోర్డింగులో ఏడో తరగతి దాకా చదివాడు. అక్కడి దొరసాని తన దేశం పోతూ అట్టలు లేని లావు చరిత్ర పుస్తకం ఒకటి ఇచ్చిపోయిందట. అందులోని రాజులు ఆయనకు పక్క ఊరి పటేళ్ల లాంటివాళ్లు. ఎవరి కొడుకు ఎవరిని పొడిచాడో, ఎవరు ఎవరి ఊరు తగలబెట్టారో, నిన్న సంతలో విన్నట్టుగా చెప్పేవాడు.

నేను ఆయనను మొదట చూసింది ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండో ఏడు. అప్పటికి మా నాన్న పోయారు. గుమాస్తాలు పోయారు. నిజాంసాగర్ కాలువ కింద అరవై ఎకరాలు మిగిలాయి, అందులో చెరుకు వేశాం. పంపడానికి మనిషి లేక ఆ ఏడు పదకొండు బండ్లతో నేనే బయలుదేరాను. పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగి వస్తాననుకున్నాను కాబట్టి సద్ది కట్టించుకోలేదు. మా ఇంటి బండి ఎక్కడైనా ఆగుతుందన్న ఊహే నాకు లేదు.

ఫ్యాక్టరీ ముందు రోడ్డు పొడుగునా బండ్లు. ఎడ్లు విప్పి చక్రాలకు కట్టేశారు. చక్కెర మడ్డి వాసన గాలిలో నిలబడిపోయింది. నేను నేరుగా గేటు దాకా నడిచి ఆయనతో అన్నాను.

"ముందు బండ్లు పక్కకు తీయించు."

"ఎందుకు దొరా?"

"మా బండ్లు పోవాలి."

"పోతయి. యాభై ఎనిమిదో నంబర్ల పోతయి." అంటూనే వచ్చి మా మొదటి బండి నొగ మీద సుద్దతో రాశాడు.

"నేనెవరో తెలుసా నీకు?"

"ఎర్కనే దొరా. లక్ష్మణరావు దొర మనుమలు మీరు. మా బాపు మీ తాత బగ్గీ ముందల ఉరికెటోడు." చుట్టరికం చెప్పినట్టు చెప్పాడు. గొంతులో కోపం లేదు, భయమూ లేదు. "ఇప్పుడు బగ్గీ లేదు, ఉరికెటోడు లేడు. లైను ఉన్నది."

మాక్లూర్ వైపు నుంచి వచ్చిన బండివాడొకడు చక్రం నీడలో పడుకున్నవాడు లేవకుండానే అన్నాడు.

"నిలబడు దొరా, కాళ్లకేం గాదు. మాకు గాలేదు గద."

నలుగురు నవ్వారు. ఆయన నవ్వలేదు. వాళ్లవైపు తిరిగి, "ఓరి, దొరకు గిది కొత్త. మీ లెక్క అలవాటు గావాలె," అన్నాడు. తాను కూర్చునే బుట్టను బోర్లించి, తుండుతో దులిపి నా ముందు పెట్టాడు. నేను కూర్చోలేదు. సాయంత్రం దాకా నిలబడే ఉన్నాను.

అందుకే ఆయన చెప్పే రాజుల కథ మొదటిసారి నిలబడే విన్నాను. ఎండ తగ్గాక బండివాళ్లు ఆయన చుట్టూ చేరారు.

"తాతా, ఇయ్యాల ఏ రాజు?"

"నిన్న యాడ ఆపిన?"

"అష్షూరోళ్లు ఊళ్లు తగులవెట్టిండ్రు. జనాల్ని ఎత్కపోయిండ్రు."

ఆయన ఏ బండి మీది చెరుకూ ఎప్పుడూ తీయలేదు. రోడ్డు మీద పడిన గడ ఒకటి వెతికి తెచ్చి, మొదలు దగ్గర గణుపు మీద బొటనవేలు పెట్టాడు. "ఇది అష్షూరు. అయిపాయె." అస్సీరియాను బైబిల్లో లాగే అష్షూరు అనేవాడు. వేలు పై గణుపుకు జరిగింది. "ఇది బాబిలోను." ఆ పైన పారశీకం, ఆ పైన సికందర్, ఆ పైన రోము. ప్రతి రోజూ ముందు ఈ గణుపులన్నీ చెప్పి, అప్పుడు ఆ రోజు గణుపు దగ్గర ఆగేవాడు.

"బాబిలోను గోడ మీద రెండు బండ్లు ఎదురెదురుంగ పోతుండె. ఆగుడు లేదు, జరుగుడు లేదు."

"చెరుకు బండ్లా తాతా?"

"గుర్రపు బండ్లు. నీ బండి ఎక్కిస్తె గోడ గూలుతుండె."

"గంత గోడ ఉంటె మల్ల ఎట్ల గెలిసిండ్రు?"

"గోడను ముట్టనే లేదు. ఊరి నడుమకెళ్లి నది పారుతుండె. పారశీకపోళ్ల రాజు కోరెషు ఏం జేసిండు? పైకి వోయి నదికి కాలువ కొట్టిండు. నీళ్లు పక్కకు వోయినయి. మోకాలు లోతు నీళ్లల్ల సిపాయిలు నడుసుకుంట గోడ కిందికెళ్లి లోపటికి అచ్చిండ్రు. గప్పుడు రాజు దావత్ జేస్తుండు."

కాలువ కింద బతికేవాళ్లకు ఇంతకన్న ఎక్కువ చెప్పనక్కరలేదు. ప్రతి ఊళ్లో తూము తెరిచి మూసే నీరటి ఒకడు ఉంటాడు. వాడు నిద్రపోతే మడి ఎండుతుందని అందరికీ తెలుసు.

"ఆ ఊరి నీరటోడు ఏం జేస్తుండె తాతా?"

"ఆడు గూడ దావత్‌లనే ఉన్నడేమో."

నవ్వులు ఆగాక ఆయన గడను పక్కన పెట్టి ఒక్క మాట అన్నాడు. "రాజు గోడను సూస్కుంట కూసున్నడు. నీళ్లను సూడలే."

నేను విన్నాను. నాకు చెప్పినట్టు తోచలేదు. నిజానికి ఆ రోజు నాకు చెప్పలేదు కూడా.

చీకటి పడకముందే ఆయన సద్ది మూట విప్పాడు. జొన్నరొట్టెలు, పుంటికూర, ఉల్లిగడ్డ. రెండు రొట్టెలు తీసి వేరే గుడ్డలో పెట్టి నా దగ్గరికి తెచ్చాడు.

"పొద్దటిసంది ఏం తినలేరు దొరా."

"మేం తినం," అన్నాను. ఆ 'మేం'లో ఏముందో ఇద్దరికీ తెలుసు. బగ్గీ ముందు పరుగెత్తినవాడి కొడుకు చేతి తిండి మా ఇంట్లో ఎవరూ తినలేదు.

"సరే దొరా. అడుగుడు నా వంతు." తీసుకుపోయి తాను తిన్నాడు. నేను మరునాటి మధ్యాహ్నం మా నంబరు వచ్చేదాకా చెరుకు నములుతూ గడిపాను.

తరువాత ఎనిమిదేళ్లు ప్రతి సీజనులో మొదటి రోజు ఆయన రొట్టె తెచ్చాడు. ఏడాదికి ఒక్కసారే. ప్రతిసారీ నేను వద్దన్నాను. ప్రతిసారీ అదే మాట: "అడుగుడు నా వంతు."

ఆ వంతు అన్న మాట మీద ఆయనకు చాలా నమ్మకం. ఏ రాజూ ఓడిపోయాడని అనేవాడు కాదు. ఆయన వంతు ఐపోయింది అనేవాడు. ఒకసారి పట్నం కాంట్రాక్టరొకడు జీపు వేసుకొచ్చి తన బండ్లు ముందు పోవాలని కూర్చున్నాడు. ఈయన తాపీగా అన్నాడు.

"సికందర్ గూడ లైన్లనే అచ్చిండు సేటూ. దారా రాజు ముందు, సికందర్ ఎనుక. నువ్వు నలభై మూడు."

కాంట్రాక్టరుకు సికందర్ ఎవరో తెలియక, తనకన్న పెద్ద కాంట్రాక్టరు అనుకుని జీపు వెనక్కి తీశాడని బండివాళ్లు ఏడాది పొడుగునా చెప్పుకున్నారు.

ఎవరైనా 'గొప్ప రాజు' అంటే మాత్రం ఆయనకు పడేది కాదు. "ఎంత మందిని ఎత్కపోయిండో సెప్పు, గప్పుడు గొప్పోడో కాదో సూద్దం," అనేవాడు. ఒక పిల్లగాడు, "ఇందుల మనం ఏ గణుపు తాతా?" అని అడిగితే గడను విరిచి చూపించాడు. "గణుపుల రసముంటదార? గట్టిగుంటది, పండ్లు ఇరుగుతయి. రసం రెండు గణుపుల నడుమ ఉంటది. మనం ఆడుంటం." ఆ మాట నాకు నచ్చలేదు. మా వంశం నాకు గణుపే. కానీ నాటేటప్పుడు ముక్కకు మొలక వచ్చేది గణుపు కన్ను నుంచే కదా అని నేను అంటే, ఆయన కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. "అదీ నిజమే దొరా. కన్ను మంచిగుంటె మల్ల మొలుస్తది." వాదనలో గెలవాలన్న పట్టుదల ఆయనకు లేదు.

తన గురించి ఎక్కువ చెప్పుకోలేదు. ఒక్కసారి మాత్రం అన్నాడు, "నేను ఊరు దాటకుంటనే మూడు రాజ్యాలల్ల బతికిన. నైజాం పాయె, హైదరాబాద్ స్టేట్ పాయె, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్. సుద్దముక్క మాత్రం గదే."

ఇక నా సంగతి. నాన్న పోయేముందు నా చేయి పట్టుకుని, "గడి చెయ్యి దాటొద్దు," అన్నారు. నేను దాటనివ్వలేదు. గడి పాతది, సున్నపు కట్టడం. ఏటా ఎక్కడో ఒకచోట కురిసేది, ఎక్కడో ఒకచోట కూలేది. బాగు చేయించాలంటే ఒక మడి అమ్మేవాణ్ణి. రెండేళ్లకు మరో మడి. చేతిలో ఉన్నంతతో రోడ్డు వైపు గోడకే సున్నం కొట్టించేవాణ్ణి, ఊరు చూసేది అటే కాబట్టి. వెనుక గోడ పడిపోయిన చోట తుమ్మకంప అడ్డం వేశాం. నీళ్లు పారే భూమిని అమ్మి, నీళ్లు కారే కప్పును నిలబెట్టడం తప్పని నాకు తోచలేదు. నాలాంటి ఇళ్లన్నీ అదే చేస్తున్నాయి.

పదో సీజనుకు నా వెంట నాలుగు బండ్లు వచ్చాయి. ఆయన నంబరు రాస్తూ ఆగాడు.

"నాలుగేనా దొరా? మొదలు పదకొండు ఉండె."

బండ్లు తగ్గడం ఆయన ఏటా చూస్తూనే ఉండి ఉంటాడు. అడగడం అదే మొదలు. నేనూ ఎందుకో దాచలేదు. ముందు వసారా కప్పు కూలిందనీ, తూము మడి అమ్ముతున్నాననీ, ఎల్లుండి బోధన్‌లో రిజిస్ట్రేషన్ అనీ చెప్పాను. తూము మడి అంటే కాలువ తూముకు ఆనుకున్న పన్నెండెకరాలు. మొదటి నీళ్లు దానికే. అది పోతే మాకు మిగిలేది నీళ్లందని చెలక భూమి, గడి.

ఆయన సుద్దముక్క చెవి మీద పెట్టుకున్నాడు. తరువాతి బండి దగ్గరికి పోయాడు. మధ్యాహ్నం షిఫ్టు మారే భోంగా మోగాక, ఎప్పటిలా రెండు రొట్టెలు గుడ్డలో పెట్టుకుని వచ్చాడు. ఈసారి ముందు కథ చెప్పాడు. నా ఒక్కడికే.

"యూదా దేశపు రాజొకడు ఉండె దొరా. చిన్నోడు. గద్దె ఎక్కి మూడు నెలలు కాలే, బాబిలోనోళ్లు అచ్చి పట్కపోయిండ్రు. ముప్ఫై ఏడేండ్లు జైల్ల ఉన్నడు. గోడలు గూలినయి, గుడి గూలింది, అన్ని పోయినయి. గప్పుడు కొత్త రాజు ఒకడు అచ్చి జైలు తలుపు తీసిండు. తీసి, జైలు బట్టలు ఇప్పించి, మంచి బట్టలు ఇచ్చి, తన పక్కన కూసుండవెట్టుకున్నడు. రోజు తన బల్ల మీదనే తిండి. చచ్చెదాంక."

"ఆయన తిన్నాడా?"

"తిన్నడు."

"గెలిచినవాడి బల్ల మీద?"

"ఆకలి గెలిసినోడికి వేరె, ఓడినోడికి వేరె ఉంటదా దొరా? నేను ఆ పుస్తకం ఎన్నిసార్లు చదివిన్నో. గొప్ప గొప్పోళ్ల గోడల కొలతలు రాసిండ్రు. ఆ గోడల కథ లాస్టుకు ఒక్కటే, గూలినయి. ఈయనొక్కని గురించి తిన్నడని రాసిండ్రు." గుడ్డ విప్పి రొట్టెలు నా ముందు పెట్టాడు. "గోడ అడుగుతనే ఉంటది దొరా. దానికి కడుపు నిండది. తూము మడి అట్ల కాదు. అది పెడ్తది. మీ ఇంట్ల చిన్నపిల్లలున్నరు."

 నేను ఆయన బోర్లించిన బుట్ట మీద కూర్చుని రెండు రొట్టెలూ తిన్నాను. పుంటికూరలో కారం ఎక్కువైంది. ఆయన ముంతతో నీళ్లు తెచ్చి ఇస్తే తాగాను. చుట్టూ బండివాళ్లు చూసీ చూడనట్టు ఎడ్లకు మేత వేసుకున్నారు. చెయ్యి కడుక్కుంటూ, "మీరు తిన్నారా?" అని అడిగాను. పదేళ్లలో ఆయనను మీరు అనడం అదే మొదలు. ఆయన గమనించినట్టు కనిపించలేదు.

"తింట దొరా. మీ నంబరు అచ్చేదాంక ఇంక శానా సేపున్నది."

రిజిస్ట్రేషన్‌కు నేను పోలేదు. ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను, తూము మడి ఉంచుతాను, గడి అమ్ముతాను అని. అమ్మ మా గడిలోకి పల్లకీలో వచ్చిన మనిషి. పీట మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. చేయి ఆగింది.

"మీ నాయన ఏమని పోయిండో యాదికున్నదా?"

"ఉన్నది."

"ఉండి గిట్ల జేస్తున్నవ్."

"జేస్తున్న."

అమ్మ మళ్లీ చేట అందుకుంది. "తూము మడి ఉంచితివి గద. ఐతె బియ్యం కొనే పని వడది," అంది. అంతకు మించి ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు.

గడి దర్వాజ ఊడదీసే ముందురోజు ఆదివారం. ఆయన ప్రార్థన ముగించుకుని కోటు వేసుకుని బోధన్ నుంచి వచ్చాడు. నేను కబురు పంపలేదు. దర్వాజ బయట, ఎడమ పక్క రాతి దగ్గర నిలబడ్డాడు. బగ్గీ బయటికి వచ్చేదాకా ఆయన తండ్రి అక్కడే నిలబడేవాడట. లోపలికి రమ్మన్నాను. ఆయన వంగి చెప్పులు విడవబోయాడు. వద్దన్నాను. ఒక క్షణం నా ముఖం చూసి, చెప్పులతోనే గడప దాటాడు.

హాలంతా ఖాళీగా ఉంది. సామాను అప్పటికే ఊరి చివర పెంకుటింటికి తరలించాం. తాత కుర్చీ ఒక్కటే మిగిలింది. కచ్చేరిలో వేసిన కుర్చీకి తీసిపోకూడదని తాత హైదరాబాద్‌లో చేయించుకున్నది. కూర్చోమన్నాను.

"నాకెందుకు దొరా."

"అడగడం నా వంతు," అన్నాను.

ఆయన అప్పుడు నవ్వాడు. కోటు సర్దుకుని కూర్చున్నాడు. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, పైకప్పు దూలాలు, గోడలు, గూళ్లు అన్నీ తిరిగి చూశాడు. ఏదో రాజు పేరు చెబుతాడనుకున్నాను. చెప్పలేదు.

"లోపట సల్లగుంటదని మా బాపు అనేటోడు," అన్నాడు చివరికి. "ఆయన లోపటికి రాలే. తలుపు తీసినప్పుడు గాలి తగిలేదట. నిజమే. సల్లగనే ఉన్నది."

మేమిద్దరం బయటికి వచ్చాక దర్వాజ నేనే మూశాను.

ఆ తరువాత కూడా ఏటా చెరుకు తోలాను. తూము మడి చెరుకే నా పిల్లలను నిజామాబాద్‌లో చదివించింది. ప్రతి సీజను మొదటి రోజు ఆయన రొట్టె తిన్నాను. ఆయన పని మానేశాక మా ఇంటి నుంచి ఏటా మొదటి కోత గడలు కొన్ని పంపేవాణ్ణి. వాటితో తన మనుమలకు రాజులను చెప్పేవాడని ఆయన కూతురు సమాధి దగ్గర నాతో అంది. ఆమె నర్సు. "మీరు పంపిన గడకు గణుపులు ఎక్కువుంటయంట దొరా. రోము దాటినా ఇంక జాగ ఉంటదనేటోడు," అంది.

నా వంతు వచ్చాక మట్టి వేసి వచ్చాను.

గడి రాయి రోడ్డు పనికి పోయింది. దూలాలు, దర్వాజ రెండు రెక్కలు నాందేడ్ కలప వ్యాపారి కొన్నాడు. తాత కుర్చీని ఆ ఆదివారం మరునాడు, దూలాలు తీసుకుపోయిన బండిలోనే వేసి అమ్మేశాను. ఆయన కూర్చున్నాక దాని వంతూ ఐపోయింది.